అమరుల యాది

1946 జులై 4న జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండు తగిలి చనిపోయాడు. అప్పటికి నిజాం రాజ్యంలో దొరల చేతుల్లోనో, పోలీసుల చేతుల్లోనో ప్రాణం పోగొట్టుకున్న రైతులు, కూలీలు తక్కువేం కాదు. వాళ్లలో చాలామంది పేర్లు ఇంటివాళ్లకు తప్ప ఎవరికీ గుర్తు లేవు. కొమరయ్య పేరు మాత్రం తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి తొలి అమరుడిగా పాఠ్యపుస్తకాలకెక్కింది. ఆయన చావు తర్వాత ఒక ఊరి తగాదా మూడు వేల ఊళ్ల పోరాటమైంది. ఆ మార్పులో తుపాకి గుండుకు ఎంత వాటా ఉందో, ఆ చావును పదిమందికీ చేరవేసిన మనుషులకూ అంతే వాటా ఉంది.

కడవెండి ఘటనకు ఆరేళ్ల ముందు, ఆ ఊరు ఉన్న విసునూరు దేశ్‌ముఖ్ ఇలాకాలోనే మరో హత్య జరిగింది. కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ, దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి అండ చూసుకొని తన భూమి లాక్కోబోయినవాళ్ల మీద కోర్టుకెక్కాడు. ఏళ్ల తరబడి తిరిగి కేసు గెలిచాడు. 1940 జులైలో దొర మనుషులు దారికాచి ఆయన్ను నరికేశారు. ఆ చావు గురించి చుట్టుపక్కల ఊళ్లు గుసగుసలాడుకున్నాయే తప్ప, గడి ముందుకు వచ్చి అడిగినవాళ్లు లేరు. చావు ఎంత అన్యాయమైనదైనా దాన్ని భుజానికెత్తుకునే సంఘం ఆ ఊళ్లలో అప్పటికింకా నిలదొక్కుకోలేదు. బందగీ కథ జనం నోళ్లలో పడటానికి ఇంకో ఏడేళ్లు పట్టింది. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకం బందగీని రంగస్థలం మీదికి తెచ్చింది. ప్రజానాట్యమండలి దళాలు దాన్ని ఊరూరా ఆడాయి. మద్రాసు ప్రభుత్వం నిషేధించేదాకా ఆ ప్రదర్శనలు ఆగలేదు.

1940కీ 1946కూ మధ్య వచ్చిన తేడా పేరు ఆంధ్రమహాసభ. 1930లో జోగిపేటలో చదువుకున్నవాళ్ల సభగా, తెలుగు భాషకోసం, గ్రంథాలయాలకోసం మొదలైన ఆ సంస్థ 1944లో భువనగిరి మహాసభ నాటికి రైతుల సంస్థగా మారింది. ఆ సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. సభ్యత్వం ధర నాలుగణాల నుంచి ఒక్క అణాకు దిగింది. పల్లెల్లో దాన్ని అందరూ 'సంగం' అన్నారు. వెట్టి చేయబోమని, లెవీ ధాన్యం ఇవ్వబోమని, దొర కచేరీలో దండగలు కట్టబోమని చెప్పే ధైర్యం ఆ అణా చీటీతో వచ్చింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలు పొలంలో పంట దొర పాలు కాకుండా ఇంటికి చేర్చుకోగలిగిందంటే వెనక సంగం ఉండబట్టే.

కడవెండి ఘటన ఆ నేపథ్యంలోది. ఊళ్లో గడి ఉంది. అందులో దేశ్‌ముఖ్ తల్లి జానకమ్మ దొరసాని ఉండేది. వడ్డీ, నాగు (ధాన్యం మీద వడ్డీ), వెట్టి విషయంలో ఆమె కొడుకును మించిన కరకు మనిషని పేరు. సంగం కార్యకర్తల ఇళ్ల మీద దాడికి దొర గూండాలు వచ్చారని తెలిసి జనం గుత్పలు, వడిసెలలు పట్టుకొని ఊరేగింపు తీశారు. ఊరేగింపు గడి దగ్గరికి రాగానే లోపలి నుంచి తుపాకులు పేలాయి. ముందు వరుసలో ఉన్న కొమరయ్య పొట్టలో గుండు దిగి అక్కడికక్కడే కూలిపోయాడు. ఆయన అన్న మల్లయ్యకూ గాయమైంది. ఆ కాలపు లెక్క ప్రకారం తుపాకి పేలగానే జనం చెల్లాచెదురు కావాలి. కడవెండి జనం గడిని చుట్టుముట్టారు. కాల్చేస్తామని గడ్డి, కట్టెలు తెచ్చారు. విసునూరు నుంచి సాయంగా వచ్చిన గూండాలను పొలాల వెంట తరిమారు. పోలీసులు దిగి సర్దిచెప్పాకే ముట్టడి విడిచింది. హత్య చేసినవాళ్లకు శిక్ష పడలేదు. సంగం నాయకుల మీద మాత్రం కేసులు పడ్డాయి.

ఆ తర్వాతి వారాల్లో ఒక కొత్త పద్ధతి పుట్టింది. ఒక ఊరివాళ్లు ఎర్రజెండా పట్టుకొని పక్క ఊరికి నడిచేవాళ్లు. అక్కడివాళ్లను కలుపుకొని మూడో ఊరికి పోయేవాళ్లు. గడి ముందు ఆగి, కొమరయ్యకు జోహార్లు చెప్పి, ఇక వెట్టి లేదని చాటేవాళ్లు. సంతాప సభ, సంగం చందా వసూలు, దొరకు హెచ్చరిక, మూడూ ఒక్క నడకలో అయిపోయేవి. జనగామ, సూర్యాపేట, నల్లగొండ తాలూకాల్లో వందల ఊళ్లు ఇలా కలిశాయి. సంగం లేని చోట కూడా ఊరేగింపు వచ్చిపోయాక సంగం పుట్టేది. రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చింది 1947 సెప్టెంబరు 11న. అంటే కొమరయ్య చనిపోయిన 14 నెలలకు. తుపాకులకు పిలుపు రాకముందే ఈ ఊరేగింపులు ఊళ్లను కూడగట్టి పెట్టాయి. పోరాట చరిత్ర రాసినవాళ్లలో చాలామంది ఆయుధాల మీద పెట్టిన శ్రద్ధ ఈ 14 నెలల మీద పెట్టలేదు.

చదువు రాని జనంలో యాది నిలవాలంటే అది చెవిన పడాలి. ఉద్యమం ఆ పని కోసం కొత్త కళలు వెతుక్కోలేదు. ఊళ్లో ఉన్న గొల్లసుద్దులు, బుర్రకథ, కోలాటం, భజనలనే వాడుకుంది. సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల్లో దొరల అన్యాయాలు చొప్పించాడు. దేవుడి కథ వినడానికి అలవాటుపడ్డ చెవులు అదే తాళంలో నిన్నమొన్న చనిపోయిన పక్క ఊరివాడి కథ విన్నాయి. గుంటూరు వైపు షేక్ నాజర్ బుర్రకథను రాజకీయ ఆయుధంగా మలిచాడు. బండి యాదగిరి కట్టినదిగా చెప్పుకునే పాట ముప్పై ఏళ్ల తర్వాత 'మా భూమి' సినిమాలో గద్దర్ గొంతుతో మళ్లీ వినిపించి, పోరాటం చూడని తరానికి పరిచయమైంది. 1979లో తయారైన ఆ సినిమాకు గౌతం ఘోష్ దర్శకుడు, బి.నర్సింగరావు నిర్మాతల్లో ఒకరు. పోరాటంలో చనిపోయిన యాదగిరి అలా పాటగాడిగా బతికాడు.

వీరుడి కథ చెప్పుకోవడం ఈ నేలకు కొత్త కాదు. పల్నాటి వీరులకు ఏటా కారంపూడిలో ఉత్సవం జరుగుతుంది. పొలిమేరల్లో పాతకాలపు వీరగల్లులు నేటికీ కనిపిస్తాయి. కమ్యూనిస్టులు దేవుణ్ణి నమ్మకపోయినా, రాయి పాతి, తేదీ పెట్టుకొని, ఏటా ఒకచోట చేరే ఆ పాత అలవాటును అందిపుచ్చుకున్నారు. స్తూపానికి పూలదండ వేసే చేతులకు అది ఏ సిద్ధాంతంలోదన్న పట్టింపు లేదు.

కృష్ణ ఒడ్డున పాలమూరులో కథ ఇంకోలా నడిచింది. 1947 అక్టోబరు 7న ఆత్మకూరు ప్రాంతంలోని అప్పంపల్లిలో నిజాం పోలీసుల కాల్పుల్లో 11 మంది చనిపోయారు. హైదరాబాద్ భారత యూనియన్‌లో కలవాలని స్టేట్ కాంగ్రెస్ ఇచ్చిన పిలుపుతో కదిలిన జనం వాళ్లు. మరణాల సంఖ్య చూస్తే కడవెండి కంటే అప్పంపల్లి చాలా పెద్ద ఘటన. అయినా గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ దాటితే ఆ పేరు విన్నవాళ్లు తక్కువ. దీనికి కారణం ఘటనలో లేదు. తర్వాతి ముప్పై ఏళ్లు ఆ పేరును ఎవరు మోశారన్నదాంట్లో ఉంది. నల్లగొండ, వరంగల్, ఖమ్మం ఊళ్లలో కమ్యూనిస్టులకు దళాలు, పాటలు, పత్రికలు, ఆ తర్వాత ఎమ్మెల్యేలు ఉన్నారు. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్, ఆత్మకూరు సంస్థానాల నీడ ఉన్న పాలమూరులో ఆ పార్టీ అంత బలపడలేదు. స్టేట్ కాంగ్రెస్ 1948 తర్వాత అధికారపక్షం అయింది. అధికారంలో ఉన్న పార్టీకి తుపాకులకు ఎదురెళ్లిన జనాన్ని పదేపదే తలుచుకోవలసిన అవసరం పెద్దగా ఉండదు. అప్పంపల్లి స్థానిక స్మృతిగా మిగిలిపోయింది. మళ్లీ ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చాకే జిల్లా చరిత్రకారులు, విలేకరులు దాన్ని బయటికి తీశారు.

అప్పంపల్లి కాల్పులకు నెల ముందు, 1947 సెప్టెంబరు 2న పరకాలలో జాతీయ జెండా ఎగరేయడానికి వచ్చిన జనం మీద కాల్పులు జరిగాయి. మరుసటి ఏడు ఆగస్టులో బైరాన్‌పల్లి మీద రజాకార్లు, నిజాం సైన్యం విరుచుకుపడి పదులకొద్దీ మనుషులను చంపారు. ఊరి బురుజు మీది నుంచి ఎదురు నిలిచిన ఆ ఊరిని ఇప్పుడు వీర బైరాన్‌పల్లి అంటున్నారు. అదే నెల 22న హైదరాబాద్‌లో 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను రజాకార్లు నరికారు. రాసే చేయి నరుకుతామన్న బెదిరింపును ఆ రాత్రి అమలు చేశారు. హైదరాబాద్ భారత్‌లో కలవాలని రాసిన ముస్లిం పాత్రికేయుడు ఆయన. 1940ల పోరాటాన్ని హిందూ ముస్లిం తగాదాగా చెప్పాలనుకునేవాళ్లకు బందగీ, షోయబుల్లాఖాన్‌ల పేర్లు ఎప్పుడూ అడ్డొస్తూనే ఉంటాయి.

1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. పోరాటం మాత్రం భారత సైన్యం మీద ఇంకో మూడేళ్లు సాగి, 1951 అక్టోబరు 21న ఆగింది. చనిపోయినవాళ్లు నాలుగు వేలని కమ్యూనిస్టు పార్టీ లెక్క. 1952 మొదట్లో ఎన్నికలొచ్చాయి. హైదరాబాద్ రాష్ట్రంలో పార్టీ మీద నిషేధం ఉండటంతో పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరున పోటీ చేశారు. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి దేశంలోనే అందరికంటే ఎక్కువ ఓట్లతో, నెహ్రూను మించి, గెలిచారు. ఓడిపోయిందనుకున్న పోరాటానికి ఊళ్లు ఇలా లెక్క కట్టాయి.

తర్వాత వారసత్వం తగాదా మొదలైంది. 1964లో పార్టీ చీలింది. 1967లో నక్సల్బరీ వచ్చాక ఇంకోసారి చీలింది. ఎవరూ కొమరయ్యను వదులుకోలేదు. 1970ల్లో పుచ్చలపల్లి సుందరయ్య, రావి నారాయణరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు ముగ్గురూ ఆ పోరాటం మీద రాశారు. ముగ్గురూ అందులో నిలబడ్డవాళ్లే, ఒకే మనుషులతో కలిసి తిరిగినవాళ్లే. 1948 సైనిక చర్య తర్వాత తుపాకి దించాల్సిందని నారాయణరెడ్డి వాదన. పేదలకు దక్కిన భూములను కాపాడటానికి కొనసాగించక తప్పలేదని సుందరయ్య వాదన. దించడమే తప్పని దేవులపల్లి వాదన. 1948 తర్వాత చనిపోయినవాళ్లు దేనికోసం చనిపోయారన్న ప్రశ్నకు ఈ మూడు పుస్తకాల్లో మూడు జవాబులున్నాయి. ఆ జవాబులను బట్టే మూడు పార్టీలు తమ దారులు వేసుకున్నాయి.

1969 నాటి 'జై తెలంగాణ' ఉద్యమం ఈ వరుసకు ఎర్రజెండా లేని అధ్యాయం కలిపింది. విద్యార్థుల మీద జరిగిన కాల్పుల్లో 369 మంది చనిపోయారని ఉద్యమకారుల లెక్క. ప్రభుత్వం ఆ సంఖ్యను ఏనాడూ ఒప్పుకోలేదు. చనిపోయినవాళ్లకు గుర్తుగా అసెంబ్లీ ఎదుట గన్‌పార్కులో స్తూపం కట్టాలని నిర్ణయించి 1970లో శంకుస్థాపన చేయబోతే అరెస్టులు జరిగాయి. శిల్పి ఎక్కా యాదగిరిరావు ఆ స్తూపాన్ని 1975 నాటికి పూర్తిచేశాడు. ఆవిష్కరణ సభ జరగనే లేదు. అధికారికంగా ఎవరూ తెర తీయని ఆ స్తూపమే తర్వాత తెలంగాణ రాజకీయాలన్నింటికీ బయల్దేరే చోటయింది.

దాన్ని దగ్గరగా చూస్తే శిల్పి రాయితో ఎన్ని మాటలు చెప్పాడో తెలుస్తుంది. పీఠం నల్లరాయి. దాని నాలుగు వైపులా గుళ్లు దిగినట్టుగా తొమ్మిదేసి గుంటలున్నాయి. అవి నాటి తెలంగాణలోని తొమ్మిది జిల్లాలకు గుర్తు. పైకి లేచే స్తంభం ఎర్రరాయి. తోరణాల్లో సాంచీ స్తూపం పోలిక కనిపిస్తుంది. కొసన తెల్లరాతి పువ్వు, దానికి తొమ్మిది రేకులు. పేర్ల పట్టిక మాత్రం ఎక్కడా లేదు. పేర్లు లేకపోవడం లోటే అయినా అది స్తూపానికి వేరే రకంగా పనికొచ్చింది. ఏ పార్టీ వచ్చి దండ వేసినా అక్కడ తమవాడున్నాడని అనుకోగలదు. 2001 తర్వాత తెలంగాణ వాదులు, విద్యార్థి జేఏసీలు, ఉద్యోగ సంఘాలు, చివరికి తెలంగాణ ఇవ్వడానికి ఇష్టపడని పార్టీల నాయకులు కూడా ర్యాలీలు ఇక్కడి నుంచే తీశారు. 2014 నుంచి ప్రతి జూన్ 2న ముఖ్యమంత్రి ముందు గన్‌పార్కుకు వచ్చి, తర్వాతే జెండా ఎగరేయడానికి పోవడం ఆనవాయితీ.

ఉత్తర తెలంగాణ అడవుల్లో స్తూపం చుట్టూ జరిగిన పోరు దీనికి పూర్తిగా భిన్నం. 1975 డిసెంబరు 1న, అత్యవసర పరిస్థితి రోజుల్లో, ముషీరాబాద్ జైలులో భూమయ్య, కిష్టాగౌడ్ అనే ఇద్దరు నక్సలైట్లను ఉరితీశారు. ఆ పేర్లు పౌరహక్కుల ఉద్యమానికి ఊపిరయ్యాయి. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో, సంత రోజున, గిరిజన రైతు కూలీ సంఘం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. 13 మంది చనిపోయారని ప్రభుత్వం చెప్పింది. అరవైకి పైనేనని హక్కుల సంఘాలన్నాయి. 1983లో అక్కడ ఎత్తయిన ఎర్ర స్తూపం లేచింది. 1986లో ఒక రాత్రి అది కూలింది. గుర్తు తెలియనివాళ్లు కూల్చారని రికార్డు. ఆదివాసులు ఊరుకోలేదు. చివరికి ప్రభుత్వమే తన సొమ్ముతో తిరిగి కట్టించింది. కట్టించి, ఏటా ఏప్రిల్ 20 వచ్చేసరికి ఎవరూ దాని దగ్గరికి పోకుండా 144 సెక్షన్ పెట్టింది. స్తూపం సర్కారుది, దండం పెట్టుకోవడం నేరం. ఈ వింత ఏళ్ల తరబడి నడిచింది. దాంతో ఇంద్రవెల్లి యాది తగ్గలేదు సరికదా, స్తూపం దగ్గరికి పోనివ్వకపోవడమే ఏటా ఒక వార్త అయింది.

1980లు, 90లలో కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ ఊళ్లలో ఇటువంటి స్తూపాలు వందలు లేచాయి. ఇటుక, సిమెంటు, ఎర్రరంగు, పైన సుత్తీ కొడవలీ, కింద పేరూ ఊరూ తేదీ. నక్సలైట్ నాయకుడు చారుమజుందార్ పోలీసు కస్టడీలో చనిపోయిన జులై 28 నుంచి ఆగస్టు 3 దాకా అమరుల వారం. ఆ వారం ముందు స్తూపాలకు రంగు పడేది. పోలీసుల గస్తీ పెరిగేది. హుస్నాబాద్‌లో లేచిన స్తూపం మైళ్ల దూరానికి కనిపించేంత ఎత్తు. తర్వాత అదీ కూలింది. కొత్త కుర్రవాళ్లు దళంలో చేరడానికి ఏది కారణమని అడిగితే సిద్ధాంతం పుస్తకాల కంటే ముందు ఊరి స్తూపం మీది పేరును చెప్పినవాళ్లు ఎక్కువ. ఆ పేరు అన్నదో, మేనమామదో, బడిలో పక్కన కూర్చున్నవాడిదో అయ్యేది. ఉద్యమానికి అది బలం. అదే దాని చిక్కు కూడా. చనిపోయినవాళ్ల మీద పెట్టిన ప్రమాణం వల్ల దారి మార్చుకోవడం, వెనక్కి తగ్గడం, తప్పు ఒప్పుకోవడం ద్రోహంలా కనిపిస్తుంది. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో జరిగిన శాంతి చర్చలు కొద్ది నెలలకే తెగిపోయాక రెండు వైపులా మళ్లీ చావుల లెక్కే మిగిలింది.

ఈ లెక్కకు రెండో వైపు సోమశిలలో ఉంది. కొల్లాపూర్‌కు దగ్గర్లో కృష్ణ ఒడ్డున ఉన్న ఈ ఊరు సోమేశ్వరాలయానికి పేరుపడింది. శ్రీశైలం జలాశయంలో పాత గుడులు మునుగుతుంటే రాళ్లు విప్పి ఎత్తయిన చోట తిరిగి కట్టారు. అవతలి ఒడ్డు సీమ. కిందికి పోతే నల్లమల. 1990ల్లో ఆ అడవి నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్‌కు గట్టి స్థావరం. 1993 నవంబరులో సోమశిల దగ్గర పీపుల్స్‌వార్ పెట్టిన మందుపాతర పేలి మహబూబ్‌నగర్ జిల్లా ఎస్పీ పరదేశి నాయుడు, ఆయనతో ఉన్న పోలీసులు చనిపోయారు. జిల్లా పోలీసు అధికారినే పోగొట్టుకున్న ఘటన అది. పాలమూరు పోలీసులకు అప్పటి నుంచి ఆయన పేరే అమరుల పేర్లలో మొదటిది.

పోలీసులు కూడా వాడేది 'అమరవీరులు' అన్న మాటే. వాళ్ల సంస్మరణ దినం అక్టోబరు 21. 1959లో లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయిన రోజది. తెలంగాణ సాయుధ పోరాటం ఆగిందీ అదే తేదీన కావడం కాకతాళీయమే. ఆ రోజు జిల్లా కేంద్రాల్లో పేర్లు చదువుతారు, తుపాకులు తలకిందులుగా పట్టుకొని నిలబడతారు, కుటుంబాలను పిలుస్తారు. అటు 2002లో ఏర్పడిన అమరుల బంధుమిత్రుల సంఘం ఎన్‌కౌంటర్లలో చనిపోయినవాళ్ల శవాలను మార్చురీల నుంచి అడిగి తెచ్చి ఇంటివాళ్లకు అప్పగించే పనిలో ఉండేది. రెండు వైపులా శవం కోసం ఎదురుచూసిన తల్లులు చాలావరకు ఒకేలాంటి ఊళ్లవాళ్లు, ఒకేలాంటి ఇళ్లవాళ్లు. కానిస్టేబులు ఉద్యోగం, దళం, రెండూ పేదింటి పిల్లలతోనే నిండాయి. ఈ మాటను రెండు పక్షాల స్మారక సభల్లోనూ ఎవరూ అనరు.

2009 తర్వాతి తెలంగాణ ఉద్యమంలో అమరత్వానికి ఇంకో రూపు వచ్చింది. ఎదుటివాళ్లు చంపగా చనిపోయినవాళ్లు కాదు వీళ్లు. రాష్ట్రం రాదేమోనన్న నిరాశతో తమ ప్రాణాలు తామే తీసుకున్న యువకులు. 2009 డిసెంబరు 3న చనిపోయిన శ్రీకాంతాచారి పేరు వాళ్లలో ముందు వినిపిస్తుంది. వీళ్ల సంఖ్య వెయ్యి దాటిందని ఉద్యమ సంస్థలన్నాయి. కళాకారులు, నాయకులు ఊరూరా తిరిగి చావొద్దని, బతికే సాధించుకోవాలని వేడుకున్నారు. అదే సభల్లో చనిపోయినవాళ్లకు జోహార్లు చెప్పక తప్పేది కాదు. ఒక చావును పొగుడుతూ ఇంకో చావును ఆపడం ఎలాగో ఆ ఉద్యమానికి తెలియలేదు. రాష్ట్రం వచ్చాక ప్రభుత్వం అమరుల కుటుంబాలకు పది లక్షల రూపాయలు, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. జాబితాలో ఎవరుండాలన్నదాని మీద తగాదా ఇప్పటికీ తెగలేదు. 2023 జూన్ 22న హుస్సేన్‌సాగర్ పక్కన ప్రమిద ఆకారంలో స్టెయిన్‌లెస్ స్టీలు స్మారకం తెరిచారు.

చనిపోయినవాళ్లకు దక్కిన ఈ గౌరవంలో బతికి బయటపడ్డవాళ్లకు చోటు తక్కువ, ఆడవాళ్లకు మరీ తక్కువ. సాయుధ పోరాటంలో దళాల్లో తిరిగినవాళ్లు, కబుర్లు చేరవేసినవాళ్లు, అడవిలో పురుడు పోసుకొని బిడ్డను ఎవరికో ఇచ్చి మళ్లీ నడిచినవాళ్లు ఎందరో ఉన్నారు. 1951లో పోరాటం ఆపగానే వాళ్లను ఇళ్లకు పొమ్మన్నారు. హైదరాబాద్‌లోని స్త్రీ శక్తి సంఘటన వాళ్ల దగ్గరికి వెళ్లి, టేపురికార్డర్ ముందు పెట్టి, మాట్లాడించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వేసేదాకా ఆ కథలు అచ్చులోకి రాలేదు. మల్లు స్వరాజ్యం, ప్రియంవద, కమలమ్మ వంటివాళ్లు అందులో పోరాటం గురించి గర్వంగానూ, పార్టీ తమను వాడుకొని వదిలేసిన తీరు గురించి కోపంగానూ మాట్లాడారు. ఏ స్తూపమూ చెప్పని సంగతులవి. చనిపోయినవాడు ఫిర్యాదు చేయడు కాబట్టి ఉద్యమాలకు అతనితో సుఖం. బతికినవాళ్లు జవాబు అడుగుతారు.

ఈ పదేళ్లలో పాత పేర్లు కొత్త చేతుల్లోకి వచ్చాయి. కొమరయ్యను కమ్యూనిస్టు అమరుడిగా తలిచినవాళ్లకు ఆయన కురుమ కులం పెద్ద విషయం కాదు. ఇప్పుడు కురుమ సంఘాలు ఆయన్ను తమ ఇంటి బిడ్డగా చూపుతున్నాయి. ప్రభుత్వం జయంతి, వర్ధంతి అధికారికంగా జరుపుతోంది. కోకాపేటలో కట్టిన కురుమ భవన్‌కు ఆయన పేరే. కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఎర్రజెండాలు రాసిన చరిత్రలో వర్గం మాటే వినిపించి కులం మాట వెనక్కుపోయిందని బహుజన రచయితలు చాలాకాలంగా అంటున్నదే. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఇంద్రవెల్లి స్తూపానికి దండ వేసి, స్మృతివనానికి పునాది రాయి వేశారు. ఒకప్పుడు 144 సెక్షన్ పెట్టిన చోటు అది.

తగాదా ఇంకా బాహాటంగా నడుస్తున్నది సెప్టెంబరు 17 మీద. భారతీయ జనతా పార్టీకి అది విమోచన దినం. కమ్యూనిస్టులు విలీన దినం అంటారు. కొన్ని ముస్లిం సంఘాలవాళ్లకు సైనిక చర్య వెంట జరిగిన హత్యలు గుర్తొచ్చే రోజు. ఆ హత్యల మీద విచారణకు పంపిన పండిత్ సుందర్‌లాల్ కమిటీ నివేదిక దశాబ్దాలు వెలుగు చూడలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు ఆ తేదీని పట్టించుకోలేదు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది. అదే రోజు కేంద్ర ప్రభుత్వం పరేడ్ గ్రౌండ్స్‌లో విమోచన దినం జరిపింది. 2024లో మారిన రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అని పేరు మార్చింది. ఆ రోజు కడవెండి, బైరాన్‌పల్లి, పరకాల, అప్పంపల్లి స్మారకాలకు వేర్వేరు పార్టీలవాళ్లు వేర్వేరు వేళల్లో వచ్చి పోతుంటారు.